టేబుల్ మీద లేని చాయ్ కప్పు: ఆగ్మెంటెడ్ రియాలిటీలో పరిశోధకులు అసలు చేసే పని

పోయిన నెల నాంపల్లిలో ఒక ఇరానీ హోటల్లో మా అక్క కొడుకుతో కూర్చున్నాను. వాడు కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో పరిశోధన చేస్తున్నాడు. ఆగ్మెంటెడ్ రియాలిటీ, అంటే ఏఆర్, వాడి సబ్జెక్టు. ఇంట్లో మా అక్కకు ఎప్పుడూ ఒకటే టెన్షన్: "గ్రాఫిక్స్ అంటే సినిమాలకు చేసేదేగా, దానికి పీహెచ్‌డీ ఎందుకు?" ఆ ప్రశ్న మా అక్క ఒక్కతిదే కాదు. స్మార్ట్ కళ్లద్దాలు మార్కెట్లోకి వస్తున్నాయి, కాలేజీ బ్రోచర్లలో ఏఆర్, వీఆర్ అనే మాటలు మెరుస్తున్నాయి. పిల్లలు ఆ కోర్సుల్లో చేరతామంటుంటే అందులో ఏముంటుందో పెద్దవాళ్లకు అంతు చిక్కడం లేదు.

మావాడు ఫోన్ తీసి టేబుల్ వైపు పట్టాడు. తెల్లటి పాలరాతి టేబుల్. తెర మీద ఒక చాయ్ కప్పు బొమ్మ కనిపించాలి. కనిపించలేదు. వాడు ఫోన్‌ను మెల్లగా అటూ ఇటూ జరిపాడు, అయినా లేదు. "మామయ్యా, ఆ పేపర్ ఇటివ్వు" అన్నాడు. నేను చదువుతున్న తెలుగు పేపర్‌ను టేబుల్ మీద పరిచాడు. రెండు సెకన్లలో తెర మీద పేపర్ నిండా చిన్న చిన్న చుక్కలు లేచాయి. వాటి మధ్య కప్పు వచ్చి కూర్చుంది.

కప్పు బొమ్మ గీయడం ఫోన్‌కు ఏమంత కష్టం కాదు. ఆ బొమ్మ ఆ చోటే నిలబడాలి. నేను తల తిప్పినా, వెయిటర్ చెయ్యి అడ్డొచ్చినా, ట్యూబ్‌లైట్ ఆరిపోయినా అది ఆ టేబుల్ మీదే ఉన్నట్టు నమ్మించాలి. పరిశోధకుల ఏళ్లన్నీ అక్కడే గడుస్తున్నాయి.

గ్రాఫిక్స్, వీఆర్, ఏఆర్: ఏది ఎక్కడ మొదలవుతుంది

కంప్యూటర్ లెక్కలు కట్టి బొమ్మ తయారుచేయడాన్ని కంప్యూటర్ గ్రాఫిక్స్ అంటారు. సినిమాలో కనిపించే కోట, గేమ్‌లో పరిగెత్తే మనిషి, ఇల్లు కట్టకముందే బిల్డర్ చూపించే అపార్ట్‌మెంట్ బొమ్మ, అన్నీ దాని కిందికే వస్తాయి. వస్తువు ఆకారం, రంగు, దాని మీద పడే వెలుతురు, చూసే కోణం ఇస్తే తెర మీద ఏ చుక్కకు ఏ రంగు వేయాలో తేల్చే పనిని రెండరింగ్ అంటారు.

వర్చువల్ రియాలిటీ, అంటే వీఆర్‌లో కళ్ల ముందున్న లోకం పూర్తిగా మాయమై కంప్యూటర్ గీసిన లోకమే కనిపిస్తుంది. ఏఆర్‌లో అసలు లోకం అలాగే ఉంటుంది, దానికి కొంత కలుస్తుంది. ఈ రెండూ వేర్వేరు పెట్టెలు కావని, ఒక గీతకు రెండు కొసలని పాల్ మిల్‌గ్రామ్, ఫుమియో కిషినో 1994లో ప్రతిపాదించారు. గీతకు ఒక చివర పూర్తి వాస్తవం, మరో చివర పూర్తి కల్పన. మధ్యలో ఎక్కడైనా ఆగవచ్చు.

దీని చరిత్ర మనం అనుకునేదానికంటే పాతది. ఐవన్ సదర్లాండ్ 1968లోనే తలకు తగిలించుకునే తెరను చూపించాడు. అది చాలా బరువు, అందుకని సీలింగ్ నుంచి వేలాడదీశారు. అందులోంచి గది కనిపిస్తూనే, గాలిలో గీతలతో గీసిన ఘనం కూడా కనిపించేది. 'ఆగ్మెంటెడ్ రియాలిటీ' అనే పేరు మాత్రం 1990ల మొదట్లో, బోయింగ్‌లో పనిచేసే టామ్ కాడెల్, డేవిడ్ మిజెల్ వల్ల వాడుకలోకి వచ్చింది. విమానాల్లో వేసే వైర్ల కట్టలను ఏ దారిన పరచాలో పనివాళ్ల కళ్ల ముందే చూపించాలన్నది వాళ్ల ఆలోచన.

ఏది ఏఆర్ అన్న గొడవ తీర్చడానికి రోనాల్డ్ అజూమా 1997లో మూడు షరతులు పెట్టాడు. అసలూ కల్పనా కలవాలి. అది అప్పటికప్పుడు, మన కదలికకు స్పందిస్తూ జరగాలి. కల్పిత వస్తువు మూడు కొలతల లోకంలో సరైన చోట అతుక్కొని ఉండాలి. మూడో షరతును రిజిస్ట్రేషన్ అంటారు, చిక్కంతా దానితోనే. 2016లో ఊరంతా వీధుల్లో తిరిగిన పోకెమాన్ గో ఆట మొదటి రూపాన్ని ఈ లెక్కన చూస్తే అది అర్ధ ఏఆరే. కెమెరా దృశ్యం మీద బొమ్మ తేలేది తప్ప నేలను పట్టుకునేది కాదు. కంటి మూల మెసేజ్‌నో దారి బాణాన్నో చూపించే కళ్లద్దాలకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. కఠినంగా చూసేవాళ్లు వాటిని కళ్ల ముందు పెట్టిన చిన్న స్క్రీన్ అంటారు. జనం ఏఆర్ అంటుంటే అదీ ఏఆరే అని కంపెనీల వాదన. వాడుకలో మాట అర్థం విస్తరించడం సహజమే. కానీ పరిశోధన ఎక్కడ జరుగుతోందో అర్థం కావాలంటే అజూమా షరతులను దగ్గర పెట్టుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఆరు అంకెలు: ఫోన్ ఎక్కడుంది, ఎటు చూస్తోంది

కప్పును టేబుల్ మీద నిలపాలంటే ప్రతి క్షణం ఆరు అంకెలు తెలియాలి. ఫోన్ గదిలో ఎక్కడుందో చెప్పడానికి మూడు: ముందుకు, పక్కకు, పైకి ఎంత. అది ఎటు తిరిగి ఉందో చెప్పడానికి మరో మూడు. ఈ ఆరింటినీ కలిపి పోజ్ అంటారు. పోజ్ తెలిస్తే కప్పును ఏ కోణంలో గీయాలో తెలిసిపోతుంది.

దీనికి జీపీఎస్ చాలదా? లాడ్ బజార్‌లో నిలబడి ఒక గాజుల కొట్టు మీద దాని పేరు తేలేలా చేయాలనుకుందాం. తెరిపి ఉన్న చోటే ఫోన్ జీపీఎస్ ఐదు మీటర్ల దాకా తప్పుతుంది. ఇరుకు సందుల్లో సిగ్నల్ గోడలకు తగిలి వస్తుంది కాబట్టి ఇంకా తప్పుతుంది. అక్కడి కొట్ల వెడల్పుకు ఐదు మీటర్ల తేడా వస్తే పేరు పక్క కొట్టు మీద పడుతుంది. దిక్కు విషయమూ అంతే. దిక్సూచి ఒక్క డిగ్రీ తప్పితే 20 మీటర్ల దూరంలో 35 సెంటీమీటర్ల తేడా. ఫోన్ దిక్సూచి తప్పు ఒక్క డిగ్రీతో ఆగదు కూడా.

ఫోన్ లోపల కదలికను కొలిచే సెన్సార్లు ఉన్నాయి కదా, వాటినే నమ్మితే? అవి సెకనుకు వందల సార్లు కొలుస్తాయి, నిజమే. అయితే అవి కొలిచేది దూరాన్ని కాదు, వేగంలో మార్పును. దాన్నుంచి దూరం రాబట్టాలంటే రెండుసార్లు కూడుకుంటూ పోవాలి. సెన్సార్ ప్రతిసారీ సెకనుకు సెకనుకు 0.05 మీటర్లు ఎక్కువ చూపిస్తోందనుకోండి. చూడటానికి చాలా చిన్న తప్పు. పది సెకన్లకు లెక్క వేస్తే సగం ఇంటూ 0.05 ఇంటూ 100, అంటే 2.5 మీటర్లు. పది సెకన్లలో మన కప్పు హోటల్ దాటి ఫుట్‌పాత్ మీదికి వెళ్లిపోతుంది.

అందుకే కెమెరా కావాలి. కెమెరా దృశ్యంలో సులువుగా మళ్లీ గుర్తుపట్టగల చోట్లను సాఫ్ట్‌వేర్ వెతుకుతుంది. మూలలు, గీతలు కలిసే చోట్లు, నలుపు తెలుపు ఠక్కున మారే చోట్లు. వీటినే ఫీచర్ పాయింట్లు అంటారు, ఇందాక పేపర్ మీద లేచిన చుక్కలు ఇవే. తెల్ల పాలరాయి మీద అలాంటివేమీ లేవు. పేపర్ మీద వేలున్నాయి. మన అక్షరాలు గుండ్రంగా ఉన్నా తలకట్టు కొసలు, ఒత్తులు తగిలే చోట్లు, ఫొటోల అంచులు దానికి చాలు. మన అపార్ట్‌మెంట్లలో మెరిసే టైల్స్, గ్రానైట్ ఉంటాయి కదా, అవి పాలరాయికంటే ఇంకా ఇబ్బంది పెడతాయి. టైల్‌లో ట్యూబ్‌లైట్ ప్రతిబింబం కనిపిస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని నిజమైన వస్తువనుకుంటుంది. లెక్క ప్రకారం ఆ వస్తువు నేలకు రెండు మీటర్ల కింద ఉంటుంది.

ఆటో ఎక్కి ట్యాంక్‌బండ్ మీదుగా వెళ్తుంటే దగ్గరి రెయిలింగ్ రివ్వున వెనక్కి పోతుంది, దూరంగా ఉన్న బుద్ధ విగ్రహం నింపాదిగా కదులుతుంది. ఏ చుక్క ఎంత కదిలిందో చూసి అది ఎంత దూరంలో ఉందో, తను ఎంత జరిగిందో ఫోన్ ఇదే సూత్రంతో తేలుస్తుంది. ఇక్కడే విత్తు ముందా చెట్టు ముందా అనే చిక్కు. చుక్కలు ఎక్కడున్నాయో తెలిస్తే ఫోన్ ఎక్కడుందో చెప్పవచ్చు. ఫోన్ ఎక్కడుందో తెలిస్తే చుక్కలెక్కడో చెప్పవచ్చు. రెండూ తెలియకుండానే రెండింటినీ ఒకేసారి కనుక్కోవాలి. ఈ సమస్యకు స్లామ్ అని పేరు. 2007లో ఆక్స్‌ఫర్డ్‌లో జార్జ్ క్లైన్, డేవిడ్ మర్రీ దీన్ని రెండు పనులుగా విడగొట్టారు. పోజ్ కనుక్కోవడం ప్రతి ఫ్రేమ్‌కూ, అంటే వీడియోలోని ఒక్కో బొమ్మకూ, వెంటనే జరగాలి. చుక్కల మ్యాప్ దిద్దుకోవడం వెనక తీరిగ్గా జరిగినా చాలు. మార్కర్, అంటే ఫోన్ గుర్తుపట్టడానికి ముందే అచ్చేసిన గుర్తు, అతికించకుండా మామూలు టేబుల్ మీద బొమ్మ నిలబెట్టడం దీంతో సులువైంది. పదేళ్లకు, 2017లో యాప్‌లలో ఏఆర్ పెట్టడానికి ఆపిల్ ఏఆర్‌కిట్, గూగుల్ ఏఆర్‌కోర్ అనే సాఫ్ట్‌వేర్లను ప్రకటించాక ఈ తరహా ట్రాకింగ్ మామూలు ఫోన్లలోకి వచ్చేసింది.

చిన్న వినాయకుడా, ఖైరతాబాద్ వినాయకుడా?

ఒక్క కెమెరాతో ఇంకో ఇబ్బంది ఉంది. 2024లో ఖైరతాబాద్ వినాయకుడు 70 అడుగులు. దాన్ని 70 మీటర్ల దూరం నుంచి ఫొటో తీశామనుకోండి. అచ్చు అదే రూపంలో ఒక అడుగు మట్టి బొమ్మ చేసి, మీటరు దూరం నుంచి తీశామనుకోండి. ఫొటోలో రెండూ ఒకే సైజు. కెమెరాను ఎంత జరిపినా చిక్కు తీరదు. ఎందుకంటే తను ఒక సెంటీమీటరు జరిగిందో 70 సెంటీమీటర్లు జరిగిందో ఒక్క కెమెరాకు తెలియదు. లోకం ఆకారం తెలుస్తుంది కానీ కొలత తెలియదు.

పైన మనం తీసిపారేసిన కదలిక సెన్సార్ ఇక్కడ అక్కరకొస్తుంది. పది సెకన్లకు దాన్ని నమ్మలేం కానీ, అర సెకనులో ఎన్ని సెంటీమీటర్లు జరిగామో అది బాగానే చెబుతుంది. ఆ కాస్త సమాచారంతో కెమెరా చూసిన ఆకారానికి మీటర్లు, సెంటీమీటర్లు వస్తాయి. కెమెరా సెన్సార్‌ను దారి తప్పకుండా చూస్తుంది. కెమెరా దృశ్యం చెదిరినప్పుడు సెన్సార్ దాన్ని గట్టెక్కిస్తుంది. ఏఆర్ యాప్ తెరవగానే "ఫోన్‌ను మెల్లగా కదపండి" అని అడగడానికి కారణం ఇదే.

వెనక ఉన్నది వెనకే కనిపించాలి

కప్పు నిలబడింది. ఇంతలో వెయిటర్ వచ్చి ఉస్మానియా బిస్కెట్ల ప్లేటు పెట్టాడు. ప్లేటు కప్పుకు ముందుంది, కానీ తెర మీద కప్పు ప్లేటును కప్పేసింది. నమ్మకం అక్కడే పోయింది.

గ్రాఫిక్స్‌లో ఇది ఎప్పుడో తీరిన సమస్య. తెర మీద ప్రతి చుక్కకు రంగుతో పాటు దూరం కూడా రాసిపెట్టుకుంటారు. కొత్త వస్తువు గీసేటప్పుడు దాని దూరం తక్కువైతేనే పాత రంగును మారుస్తారు. దీన్ని జెడ్-బఫర్ అంటారు. ఎడ్ క్యాట్‌మల్ 1974లో తన పీహెచ్‌డీలో దీన్ని వివరించాడు. కానీ ఈ పద్ధతికి అన్ని వస్తువుల దూరాలూ తెలియాలి. కప్పు దూరం కంప్యూటర్‌కు తెలుసు, అది తను గీసిందే. వెయిటర్ చెయ్యి దూరం ఎవరు చెప్పాలి?

కొన్ని ఫోన్లలో లైడార్ ఉంటుంది. కాంతిని పంపి అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం కొలుస్తుంది. మిగతావి ఒక్క కెమెరా కదలిక నుంచో, లక్షల ఫొటోలు చూసి నేర్చుకున్న మోడల్ నుంచో దూరాన్ని అంచనా వేస్తాయి. చెయ్యి ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది, కానీ వేళ్ల మధ్య సందులు, జుట్టు అంచులు, చీర కొంగు చివరలు తప్పుతాయి. గాజు వస్తువులైతే మరీ. చాయ్ గ్లాసు పారదర్శకం కాబట్టి దాని వెనక ఉన్న గోడ దూరాన్నే ఫోన్ గ్లాసు దూరమని చెబుతుంది. ఈ అంచుల మీద, గాజు మీద ఇప్పటికీ పరిశోధనా పత్రాలు వస్తూనే ఉన్నాయి.

నీడ ఎటు పడాలి

నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది వెలుతురు. మావాడు యాప్‌లో నీడను ఆపేసి చూపించాడు. కప్పు అక్కడే ఉంది, కొలత అదే, కానీ టేబుల్‌కు రెండు వేళ్ల ఎత్తున గాలిలో తేలుతున్నట్టుంది. మళ్లీ నీడ పెట్టాడు. కప్పు అడుగున, టేబుల్‌ను తాకే చోట, సన్నటి నల్లటి వలయం వచ్చింది. కప్పు దిగి కూర్చుంది. ఒక వస్తువు నేలను తాకుతోందా లేదా అన్నది మన కన్ను చాలావరకు ఆ సన్నటి నీడను బట్టే తేల్చుకుంటుంది.

ఆ నీడ ఎటు పడాలో తెలియాలంటే గదిలో వెలుతురు ఎటునుంచి వస్తోందో తెలియాలి. ఆ హోటల్లో తలుపు వైపు నుంచి ఎండ, పైన తెల్లటి ట్యూబ్‌లైట్లు. వాటికి తోడు ఆకుపచ్చ గోడ మీద పడి తిరిగొచ్చే ఆకుపచ్చ కాంతి. 1998లో పాల్ డెబెవెక్ దీనికి ఒక చక్కటి దారి చూపించాడు. అసలు దృశ్యం మధ్యలో అద్దంలా మెరిసే బంతిని పెట్టి, చీకటి నుంచి ప్రకాశం దాకా రకరకాల ఎక్స్‌పోజర్లలో ఫొటోలు తీశాడు. ఆ బంతిలో అన్ని దిక్కుల వెలుతురూ ఉంటుంది. దాన్ని కల్పిత వస్తువు మీద వేస్తే అది ఆ చోటిదే అనిపిస్తుంది. మా టేబుల్ మీదున్న స్టీలు జగ్గును చూస్తే విషయం తెలిసిపోతుంది. అందులో తలుపు, ఫ్యాను, ట్యూబ్‌లైట్లు, మేమిద్దరం, అందరం వంకరగా కనిపిస్తున్నాం. గదిలోని వెలుతురుకు అదే మ్యాప్.

ఫోన్ దగ్గర బంతీ లేదు, జగ్గూ లేదు. కెమెరాకు కనిపించే చిన్న ముక్కను బట్టి తన వెనకాల ఉన్న వెలుతురును కూడా ఊహించాలి. పైగా టైమ్ లేదు. వెలుతురు ఎలా నడుస్తుందో జేమ్స్ కజియా 1986లో ఒకే సమీకరణంలో రాశాడు: ఒక చోటు నుంచి మన కంటికి వచ్చే కాంతి అంటే ఆ చోటు తనే వెలువరించేది, దానికి తోడు చుట్టూ ఉన్న ప్రతి చోటు నుంచీ దాని మీద పడి తిరిగి వచ్చేది. ఆ చుట్టుపక్కల చోట్ల వెలుతురు మళ్లీ వాటి చుట్టుపక్కల నుంచి రావాలి. లెక్కకు అంతు ఉండదు. సినిమా స్టూడియోల్లో ఒక్క ఫ్రేమ్‌కు గంటల తరబడి కంప్యూటర్లు నడిపి దీన్ని సాధిస్తారు.

మా అక్క ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. సినిమా గ్రాఫిక్స్ వాళ్లు కూడా కెమెరా పోజ్ కనుక్కుంటారు, నీడలు కలుపుతారు. దాన్ని వాళ్లు మ్యాచ్‌మూవింగ్ అంటారు. కానీ షాట్ అంతా ముందే చేతిలో ఉంటుంది, తప్పొస్తే మనిషి కూర్చుని దిద్దుతాడు, కెమెరా ఎటు తిరిగిందో ముందే తెలుసు. ఏఆర్‌లో చూసేవాడు తరవాతి క్షణం ఎటు తిరుగుతాడో ఎవరికీ తెలియదు. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు. 2400 ఇంటూ 1080 తెర ఉన్న ఫోన్‌లో సుమారు 26 లక్షల చుక్కలుంటాయి, సెకనుకు 15 కోట్లకు పైగా రంగులు తేల్చాలి. ఆ సమయంలోనే పోజ్, దూరం, వెలుతురు కూడా లెక్కకట్టాలి, ఫోన్ వేడెక్కకూడదు.

అసలు అంత అందం అవసరమా అనే వాదనా ఉంది. ఫ్యాక్టరీలో ఏ బోల్టు బిగించాలో చూపించడానికి పచ్చ గీత చాలు, అది సరైన బోల్టు మీద ఉండాలంతే. కొత్త సోఫా మన హాల్లో బాగుంటుందో లేదో చూసుకునేవాళ్లకు మాత్రం వెలుతురే ముఖ్యం. గుడ్డ రంగు మన ట్యూబ్‌లైట్ కింద ఎలా ఉంటుందో చూపించకపోతే ఆ యాప్ వల్ల లాభం లేదు. ఏ పనికో చెప్పకుండా ఏది మేలని తేల్చలేం.

కళ్లద్దాల్లో నలుపు ఎందుకు రాదు

ఫోన్‌లో కెమెరా తీసిన వీడియో మీద బొమ్మ కలుపుతారు. తలకు పెట్టుకునే వాటిలో రెండు దారులున్నాయి. ఆపిల్ విజన్ ప్రో లాంటివి ఫోన్ పద్ధతే పాటిస్తాయి: కళ్లు మూసేసి, బయటి కెమెరాల వీడియోను లోపలి తెర మీద చూపిస్తాయి. మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ లాంటివి పారదర్శకమైన అద్దంలోంచి అసలు లోకాన్నే చూడనిచ్చి, దాని మీద కాంతితో బొమ్మ వేస్తాయి.

అద్దం దారిలో ఒక మౌలికమైన పరిమితి ఉంది. అద్దం కాంతిని కలపగలదు కానీ తీసేయలేదు. నలుపంటే కాంతి లేకపోవడం. కాబట్టి నల్ల కప్పు గీస్తే అది కనిపించదు, వెనక టేబుల్ కనిపిస్తుంది. ఇప్పుడే మెచ్చుకున్న ఆ సన్నటి నీడనూ వేయలేం. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. ఇంటి లోపల అది కొన్ని వందల లక్స్ ఉంటే, మన మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. గదిలో మెరిసిన బొమ్మ మే నెలలో చార్మినార్ ముందు వెలవెలబోతుంది.

ఇక ఆలస్యం. తల తిప్పిన క్షణానికీ బొమ్మ మారే క్షణానికీ మధ్య పట్టే సమయాన్ని లేటెన్సీ అంటారు. సెకనుకు 100 డిగ్రీల వేగంతో తల తిప్పామనుకుందాం, అదేమంత వేగం కాదు. లేటెన్సీ 50 మిల్లీసెకన్లుంటే బొమ్మ 5 డిగ్రీలు వెనకబడుతుంది. రెండు మీటర్ల దూరంలో అది 17 సెంటీమీటర్లు. అంటే ఆ కాసేపు కప్పు టేబుల్ మీద జానెడు జారినట్టు కనిపిస్తుంది. 20 మిల్లీసెకన్లకు దించినా 7 సెంటీమీటర్లు. గోల్కొండలో ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తాయంటారు. దూరం సుమారు కిలోమీటరు అనుకుంటే శబ్దం చేరడానికి మూడు సెకన్లు పడుతుంది. 20 మిల్లీసెకన్లలో ఆ శబ్దం ఏడు మీటర్లు కూడా దాటదు. ఆ లోపే ఏఆర్ కళ్లద్దం పోజ్ కనుక్కుని, గీసి, చూపించేయాలి.

ఫోన్‌లో ఈ జారుడు అంతగా ఎందుకు కనిపించదు? అక్కడ అసలు దృశ్యం కూడా వీడియోనే. టేబులూ కప్పూ రెండూ ఒకేసారి ఆలస్యమవుతాయి కాబట్టి కలిసే ఉంటాయి. అద్దంలో అసలు టేబుల్ ఏ ఆలస్యమూ లేకుండా కనిపిస్తుంది, కప్పు ఒక్కటే వెనకబడుతుంది. అందుకని తల తరవాత ఎటు తిరుగుతుందో ముందే ఊహించి గీయడం, చూపించే ఆఖరి క్షణంలో బొమ్మను కాస్త జరపడం లాంటి ఉపాయాలు చేస్తారు. వీడియో దారి వాళ్లకు నలుపూ నీడా దొరుకుతాయి, కానీ మనిషి కళ్లు మూసుకుని కెమెరాను నమ్మాలి, బ్యాటరీ అయిపోతే చీకటే. అద్దం వాళ్లకు ఎదుటివాళ్ల కళ్లు కనిపిస్తాయి, మెట్లు దిగుతుంటే భయం లేదు. ఈ రెండు దారుల్లో ఏది గెలుస్తుందో ఇంకా తేలలేదు.

51 కెమెరాల గుమ్మటం నుంచి లక్షల చుక్కల దాకా

ఈ రంగంలో మన ఊరి పేరు కూడా ఉంది. 1990లలో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో టాకియో కనాడే బృందం ఒక గుమ్మటం లోపల 51 కెమెరాలు బిగించి, మధ్యలో జరిగేదాన్ని అన్ని వైపుల నుంచీ రికార్డు చేసింది. తరవాత ఏ కెమెరా లేని చోటు నుంచి కూడా ఆ దృశ్యాన్ని చూడగలిగేలా మూడు కొలతల్లో కట్టింది. దానికి వర్చువలైజ్డ్ రియాలిటీ అని పేరు పెట్టారు. ఆ బృందంలో పనిచేసిన పి.జె. నారాయణన్ తరవాత హైదరాబాద్ ట్రిపుల్‌ఐటీకి వచ్చి, కంప్యూటర్ విజన్, గ్రాఫిక్స్ పరిశోధనను ఇక్కడ పెంచారు, ఆ సంస్థకు డైరెక్టర్‌గానూ పనిచేశారు. 2007లో ఆయన, పవన్ హరీశ్ కలిసి గేమ్ బొమ్మల కోసం పుట్టిన జీపీయూ చిప్‌ల మీద పెద్ద పెద్ద గ్రాఫ్ లెక్కలు, అంటే ఊళ్లూ వాటిని కలిపే దారుల్లాంటి వలల లెక్కలు, ఎలా నడపవచ్చో చూపించారు. ఇవాళ ఏఐ చాలావరకు నడుస్తున్నది జీపీయూల మీదే.

51 కెమెరాలతో చేసిన పనిని ఇప్పుడు ఒక ఫోన్ వీడియోతో చేయాలని చూస్తున్నారు. 2020లో వచ్చిన నెర్ఫ్ పద్ధతి ఒక దృశ్యాన్ని న్యూరల్ నెట్‌వర్క్‌లో, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే లెక్కల వలలో, దాచిపెట్టింది. బొమ్మలు అద్భుతంగా వచ్చాయి, కానీ గీయడం చాలా నెమ్మది. 2023లో వచ్చిన గాసియన్ స్ప్లాటింగ్ దృశ్యాన్ని లక్షల మసక చుక్కలుగా పరిచింది. ఒక్కో చుక్కకు చోటు, సైజు, రంగు, పారదర్శకత ఉంటాయి. జీపీయూ వాటిని అప్పటికప్పుడు గీసేయగలదు.

ఇక్కడ పరిశోధకుల్లో అభిప్రాయభేదం ఉంది. లక్షల ఫొటోలు చూసిన పెద్ద మోడల్ పోజ్, దూరం, వెలుతురు అన్నీ ఒకేసారి చెప్పేస్తుంది, పాత జ్యామితి లెక్కలు ఇక అక్కర్లేదని కొందరంటారు. మోడల్ బాగుందనిపించేది చెబుతుంది, కొలత తప్పితే ఎందుకు తప్పిందో చెప్పలేదు, సెంటీమీటరు ఖచ్చితంగా కావాలంటే జ్యామితే దిక్కని మరికొందరు. మావాడు రెండూ కలిపి వాడతాడు. వాడిని ఇప్పుడు వేధిస్తున్న సమస్య వేరు. గోల్కొండ గోడను పొద్దున ఏడింటికి వీడియో తీసి చుక్కలుగా మారిస్తే, ఆ పొద్దుటి నీడ కూడా చుక్కల రంగులో కలిసిపోతుంది. ఆ గోడను సాయంత్రం వెలుతురులో పెడితే నీడ తప్పు దిక్కున పడి ఉంటుంది. రాయి రంగేదో, దాని మీద పడ్డ ఎండ ఏదో విడదీయాలి.

ఇంటి మ్యాప్ ఎక్కడ ఉండాలి

ఫోన్ తన చోటు తెలుసుకోవడానికి కట్టుకునే ఫీచర్ పాయింట్ల మ్యాప్‌ను, అంటే ఆ చుక్కల మ్యాప్‌ను, ఎక్కడో ఒక చోట దాచాలి. కంపెనీ సర్వర్లో ఉంటే లాభాలున్నాయి: నేను పెట్టిన కప్పును పక్కవాళ్లూ చూడగలరు, రేపు మళ్లీ వచ్చినా అది అక్కడే ఉంటుంది, ఊరంతటి మ్యాప్ ఒకటే అవుతుంది. ఫొటోలు పంపడం లేదు, చుక్కలే కదా అని చాలాకాలం అందరూ ధీమాగా ఉన్నారు. 2019లో ఒక పరిశోధక బృందం ఆ చుక్కలు, వాటి వివరాల నుంచే గది ఎలా ఉందో గుర్తుపట్టగల బొమ్మను తిరిగి తయారుచేసి చూపించింది.

మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఒక మనిషిని గుర్తించడానికి వీలిచ్చే ఏ డేటానైనా వ్యక్తిగత డేటాగా చూస్తుంది. అదే సమయంలో ఒక వ్యక్తి తన సొంత, ఇంటి అవసరానికి వాడుకునే డేటాను చట్టం నుంచి మినహాయించింది. నేను నా కళ్లద్దాలతో హోటల్ చూస్తే అది నా సొంత అవసరం. ఆ చూపు కంపెనీ సర్వర్‌కు వెళ్తే? అందులో పక్క టేబుల్ మనిషి కూడా ఉంటే?

అంతా ఫోన్‌లోనే ఉంచాలన్న దారి ఇక్కడ కొత్తది కాదు. హైదరాబాద్ ట్రిపుల్‌ఐటీలో సి.వి. జవహర్ బృందం 2012లో ఒక హెరిటేజ్ యాప్ చేసింది. గోల్కొండలోనో హంపీలోనో ఫొటో తీస్తే, అది ఏ కట్టడమో నెట్ లేకుండా ఫోన్ లోపలే గుర్తించి వివరం చూపిస్తుంది. కోట లోపల సిగ్నల్‌ను నమ్ముకోలేం కాబట్టి, వేల ఫొటోల సారాన్ని అప్పటి ఫోన్ మెమొరీలో పట్టేలా కుదించడమే వాళ్ల పరిశోధన. అక్కడి నుంచి ఫొటో ఎక్కడికీ పోదు. కానీ ఫోన్‌లో పట్టేది ఒక కోటే, ఊరు కాదు. బ్యాటరీ కూడా చూసుకోవాలి.

మేం లేచే ముందు మావాడి తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: ఈ చోటు మ్యాప్‌ను సేవ్ చేయాలా? పేపర్ మీదే కాదు, దాని అవతల కూడా చుక్కలున్నాయి. పక్క టేబుల్ దగ్గర చాయ్ తాగుతున్న పెద్దాయన భుజం, టోపీ అంచు చుక్కలతో తెలిసిపోతున్నాయి. వాడు వద్దని నొక్కాడు. నేను పేపర్ మడిచాను. పట్టుకోవడానికి ఏమీ లేక కప్పు ఒక్కసారి వణికి, టేబుల్ అంచు దాటి తలుపు వైపు జారిపోయింది.